సీసాలు కడిగే చోటు

ఆ పిల్లకి తనదంటూ ఒక భవనం లేదు.
రసాయన శాస్త్రానికి మూడంతస్తులున్నాయి,
న్యాయశాస్త్రానికి గడియారమున్న గోపురం,
అర్థశాస్త్రానికి ఏసీ హాలు.
పర్యావరణ శాస్త్రానికి మాత్రం
మెట్ల కింద పాత సామాన్ల గది,
తలుపు మీద చాక్‌పీసుతో రాసిన పేరు.
జల్లు కొడితే అదీ ఉండదు.

అకేయో అంటారు.
చేతిలో ఎప్పుడూ ఒక నీళ్ల సీసా.
తాగడానికి కాదు.

నేను ఒగోలాని, సీసాలు కడిగేవాణ్ణి.
కిసుములో ఈ యూనివర్సిటీకి రాకముందు
చేపల ఫ్యాక్టరీలో పెట్టెలు కడిగాను.
పంతొమ్మిదేళ్లుగా సింకులోకి వచ్చే సీసాని బట్టి
ఎవరేం చదువుతున్నారో చెప్పగలను.
రసాయనం వాళ్లవి ముక్కు మండిస్తాయి,
జంతుశాస్త్రం వాళ్లవి కడుపులో తిప్పుతాయి.
ఈ పిల్ల సీసా ఒక్కటే
ఎటూ తేల్చుకోలేక
సరస్సు వాసన వేస్తుంది.

ఒకటే సీసా.
పొద్దున్నే అందులో ఫాస్ఫేటు వెతుకుతుంది.
పదకొండింటికి మైక్రోస్కోపు కింద
కళ్లు చికిలించి పురుగుల్ని లెక్కపెడుతుంది.
మధ్యాహ్నం లా మాస్టారు అడుగుతారు:
ఈ నీళ్లు ఎవరివి?
సాయంత్రం ఇంకొకాయన:
ఈ నీళ్ల ఖరీదెంత?
"నువ్వు కెమిస్టువి కావుగా" అంటారు అక్కడ.
"లాయరువి కావుగా" అంటారు ఇక్కడ.
రెండు కాదనడాల మధ్య ఎండలో
గబగబా నడుస్తుంది,
సీసాని నిద్రపోతున్న చంటిదానిలా
చంకనేసుకుని.

ఆ ఏడు గుర్రపుడెక్క రేవుని మూసేసింది.
పడవలు ఒడ్డెక్కి కూర్చున్నాయి,
ఒమేనా చేపలు ఆరబెట్టే ఆడవాళ్లు
ఖాళీ వలల మీద జడలల్లుకున్నారు.
మూడు నెలలు నీళ్లు పట్టింది అకేయో.
అంకెలు బాగా ఎక్కువొచ్చాయి.
మాస్టార్లు సంబరపడ్డారు.
తను ఒక్కతే పడలేదు.

ఒక రాత్రి ఎనిమిదింటికి నా దగ్గరికొచ్చింది.
కడిగిన సీసాలో ఊరికే
స్వచ్ఛమైన నీళ్లు పోసి చూసిందట.
"సరస్సు లేని సీసాలోనూ సరస్సు ఉంది" అంది.

నా ఉద్యోగం కాళ్ల కిందనుంచి జారింది.

ఏ సబ్బు?
నీలం డబ్బాది.
ఎవరు కొంటారు?
టెండరు. ఎవడు తక్కువంటే వాడు.
ఎన్నిసార్లు జాడిస్తారు?
మూడుసార్లు, అన్నాను.
కలం కదల్లేదు. అలా చూస్తూ ఉండిపోయింది.
రెండు, అన్నాను.
పదింటికల్లా నీళ్లు కట్టేస్తారమ్మా.
ఎందుకు కట్టేస్తారు?

పంతొమ్మిదేళ్లలో నన్నెవరూ అడగలేదు.
ఆ మాటకొస్తే నేనూ ఎవర్నీ అడగలేదు.
మర్నాడు ఇద్దరం పంపుహౌసుకెళ్లాం.
గొట్టం మూతికి పట్టిన జాలీ నిండా
నల్లటి వేళ్లు, గుర్రపుడెక్కవి,
తల దువ్విన దువ్వెనలో వెంట్రుకల్లా.
తిరిగొచ్చాక కిటికీ తీసి
నా సింకు కాలవ ఎటు పోతుందో చూపించాను.
అటే చూస్తూ నిలబడ్డాం చాలాసేపు.

అప్పుడు నా చేతులు చూసింది.
వేళ్ల సందుల్లో ఊడిన చర్మం చూసి
అదీ రాసుకుంది.
"ఇది ఏ సబ్జెక్టులోకొస్తుంది తల్లీ?" అన్నాను,
కొంచెం వేళాకోళంగానే.
నవ్వలేదు.
"అదే తెలీడం లేదు" అంది.

ఆ మూడు నెలల అంకెలూ కొట్టేసింది.
"ఎంతో కొంత తీసేసి రాయి, ఎవరికి తెలుస్తుంది" అన్నారట ఎవరో.
ఏమందో నాకు చెప్పలేదు గానీ
తెల్లారకముందే బూట్లేసుకుని రేవుకెళ్లడం
గేటు దగ్గర కాపలావాడు చూశాడు.

ఇప్పుడు సాయంత్రమే డ్రమ్ము నింపి పెడుతున్నాను.
మూడుసార్లు జాడిస్తాను, ఒక్కోసారి నాలుగు.
సబ్బు మాత్రం అదే.
టెండరు వచ్చే జూన్ దాకా ఉందట.

నిన్న తను తెచ్చిన సీసా మీద
ఎప్పటిలాగే చోటు, తేదీ, లోతు.
వాటి కింద చిన్న అక్షరాలతో ఇంకో వరస:
కడిగినవారు, ఒగోలా.
ఆ లేబుల్ని సింకులో నానబెట్టి గీకేయాలి, అది నా పని.
ఇంకా గీకలేదు.