షి

చరిష్మ కొత్త బాస కడతా ఉండాది.
కరెంటు బిల్లుల వెనకాల, పాల చీటీల మీద.
మున్నెకొళాల రేకుల గదిలో
కొళాయి నీళ్ళు వచ్చే లోపల
పది మాటలు పుడతాయి.

గిలా అంటే వండటం. పెదో అంటే నడవటం.
నూ అంటే నిద్ర.
చిన్న మాటే పెట్టింది,
మా ఇంట్లో అది ఉండేదే అంత.

'మరి ఆ పని చేసే మనిషిని ఏమంటావే?'
'షి తగిలిస్తా మా.
మనిషి తోకే కత్తిరించి తెచ్చినా.'
గిలాషి. పెదోషి. నూషి.
ఆడైనా మొగైనా అదే షి.
'మిక్సీకి?'
'మిక్సీకి షి లేదు. దానికి వేరే తోక.
ఇంకా చెయ్యలా.'

నేను బీన్సు తరుగుతా తరుగుతా ఆగిపోయినా.

మూడో అంతస్తులో మన తెలుగోళ్ళే, తెనాలి పక్క.
ఆయమ్మ పొద్దున్నే ఫోనులో ఎవరికో చెప్తా ఉంటాది,
'మా వండేది ఇంకా రాలా. రుబ్బేది చెడిపోయింది.'
రెండూ ఒకే ఊపిరిలో.
గేటు కాడ శంకరప్ప, తీసేవాడు.
ట్యాంకరు పిల్లోడు, తోలేవాడు.
నేను మాత్రం గ్రైండరు పక్కన
ఒక ది.

తప్పు ఆయమ్మది కాదులే. నేనూ అట్లే కదా అనింది,
మా యమ్మ నాట్లేసేది, మా యత్త బీడీలు చుట్టేది అని.
ఎన్నేండ్లు అన్నానో
నాలిక్కి ఒక్కసారీ గుచ్చుకోలా.

ఐదో అంతస్తు కన్నడామె
'అడుగె మాడోళు బందళు' అని లోపలికి కేకేస్తే
ఎందుకో చెప్పులు జతగా పెట్టి విడిచేదాన్ని.
చూడు, ఇక్కడా వచ్చింది.
ఆ చివరి ళు కోసమేనని
ఇప్పుడు తెలస్తా ఉండాది.

రాత్రి దీపం ఆర్పినాక మళ్ళీ అడిగినా,
'వండీ వండీ చేతులు పడిపోయినామెను?'
'ఒకసారి షి అయితే షినే. పీకేదానికి లేదు.'
'రానివాణ్ణి?'
చీకట్లో పెన్సిలు కొరికిన చప్పుడు.
ఎవరి గురించి అడిగినానో దానికి తెలుసు.
'చెయ్యని పనికి షి రాదు మా.
ఏదో ఒకటి చేస్తే వస్తాది.'

పొద్దున మూడో అంతస్తులో బెల్లు కొట్టినా.
లోపల్నించి, 'ఎవరూ?'
'వండే...'
తోక కోసం నోట్లో తడుముకుంటా ఉండగానే
తలుపు తెరుచుకునింది.
'గ్యాసైపోయింది రెడ్డెమ్మా,
ఇడ్లీ ఇండక్షను మీద పెట్టేయ్.'

పేరు తెలుసు, చూడు.