సగమే దిగింది

ఇంజను వేడి మీద ఉన్నప్పుడే ఇప్పాలంటాడు సందానీ.
చల్లారితే నూనె మొండికేస్తుంది,
అడుగున పట్టిన మడ్డి అడుగునే ఉండిపోతుంది.
అందుకే ముత్తుకూరు రోడ్డులో ఆరు కిలోమీటర్లు తిప్పి తెచ్చా.
రెండు నుంచి మూడుకి ఎక్కేటప్పుడు
గుటక పడని ముసలామెలా
బండి కాసేపు ఆగడం
నా వీపుకు తెలుస్తానే ఉంది.

పోర్టు కంపెనీ వేలంలో పాడుకున్న పికప్పు.
క్లచ్చి లేని బండి రొయ్యల లోడుకా అని నవ్వారు.
లేనిదాని కోసమే కొన్నానని వాళ్లకేం తెలుసు.
మూడో ఏట జ్వరం తీసుకుపోయిన నా ఎడమకాలికి
ఈ బండిలో పనేం లేదు.
బస్తా పక్కన బస్తాలా కూర్చుంటుంది.

"మార్చబాకు చెంచమ్మా," అన్నాడు కోవూరు ప్రభుదాసు.
"రెండు లక్షలు తిరిగిన బండి.
లోపల ప్లేట్లు అరిగి రాలిన పొడే
నూనెలో కలిసి ఇప్పుడు పట్టిస్తా ఉండాది.
కొత్తది పోశావా, కడిగినట్టయి జారిపోతాది.
ఆ తర్వాత నన్నడగబాకు."

అరిగి రాలిందే పట్టుకుని ఉండటం.
రెండు నెలలు ఆ మాట మీదే పడుకున్నా.
విడవలూరు గుంటల కాడ
ఐసు కరిగే చప్పుడు వింటా
ఆ మాట మీదే లేచా.

సందానీ పరదా పరిచి కిందకి దూరాడు.
బోల్టులు ఒక్కొక్కటే కొబ్బరి చిప్పలో.
చివరి రెండూ వదులు చేసి, పళ్లెం ఓరగా వంచాడు.
ఎర్రగా ఉండాల్సింది,
మూడోరోజు చేపల పులుసులా జారింది.
మాడిన వాసన.
ఇన్నాళ్లూ ఇదా నన్ను మోసింది?

అయస్కాంతం మీద కాటుకంత నల్లటి ముద్ద.
వేళ్ల మధ్య నలిపి వెలుతురులో చూశాడు.
"పొడే అక్కా. పెళ్లలు లేవు.
పెళ్లలుంటే నీకు చెప్పకుండా
మళ్లీ బిగించేసేవాణ్ణి."

దిగినదాన్ని కూల్‌డ్రింకు సీసాల్లో కొలిచాం.
నాలుగుంబావు.
"ఎంత దిగిందో అంతే పొయ్యాలి."
మరి మిగతాది?
"అది లోపలే ఉంటాది, కన్వర్టర్లో. దిగదు.
పంపు పెట్టి తొయ్యొచ్చు. తొయ్యను.
దాన్ని కంగారు పెట్టకూడదు.
ఇప్పుడు సగం, వెయ్యి కిలోమీటర్లకి ఇంకో సగం,
ఆ తర్వాత ఇంకోటి.
పాత మజ్జిగ చుక్కతో పాలు తోడుకోవా?
ఇదీ అంతే."
అంతో కాదో నాకు తెలీదు.
లీటరు పన్నెండొందలు.
మూడు రోజుల ఐసు డబ్బులు
గరాటులో సన్నగా, ఎర్రగా దిగతా ఉంటే
కనకాంబరాల నీడ పడినట్టుంది పళ్లెంలో.

స్టార్టు చెయ్యమన్నాడు. బ్రేకు మీద కుడికాలు.
వెనక్కి, మధ్యకి, ముందుకి.
ప్రతిచోటా ఆగి లెక్కపెట్టమన్నాడు.
ముందుకి వేసినప్పుడు మునుపు మూడు దాకా వచ్చేది.
ఒకటి.
రెండు అనబోయే లోపు
బండి కొద్దిగా ముందుకు ఒరిగింది.
సందానీ కొలబద్ద లాగి లుంగీ పీలికకి రాశాడు.
ఎరుపు కాదు. ఇటుక రంగు.
"చాల్లే," అన్నాడు, ఎవరితోనో.

పాత నూనె పెంచలయ్య కొడుకు డబ్బాలో పోసుకుపోయాడు,
గుంట తూము చెక్కలకి చెదలు పట్టకుండా.

సాయంత్రం లోడుతో పెన్న బ్రిడ్జి ఎక్కా.
వెనక నలభై క్రేట్లు, వాటి నీళ్లు.
రెండు నుంచి మూడుకి
ఇంకా ఆగతానే ఉంది, పొట్టిగా.
అప్పుడు చూశా,
ఎన్నడూ క్లచ్చి తొక్కని నా ఎడమకాలు
ఆ ఆగిన చోట ప్రతిసారీ
నేలని నొక్కతా ఉంది.
ఎన్నాళ్ల నించో.

ఎనిమిదొందల రూపాయలు బాకీ సందానీకి.
వెయ్యి కిలోమీటర్లు ఎక్కడికొస్తాయో
అద్దం మీద సుద్దతో రాసుకున్నా,
వాన తగలకుండా లోపలివైపు.