ఉప్పు

నైట్ డ్యూటీ దిగి, సండర్‌లాండ్‌లో
మొదటి బస్సు కోసం నిలబడ్డాను.
రోడ్డవతల మా చర్చి మెట్ల మీద
ఎవరో వంగి ఉన్నారు.

ఏలీషా గారు.
సాక్ష్యాల వేళ చివరి బెంచీలో
నేలచూపులు చూసే మనిషి.
చంకలో ఉప్పు సంచి,
చేతిలో పిడి విరిగిన టీ కప్పు.
మెట్టు మెట్టుకీ వేస్తున్నారు,
విత్తనాలు చల్లినట్టు కాదు,
కూరలో వేసినట్టు, చూసి చూసి.
కుడిచెయ్యి కొంకర్లు పోతే ఎడమచేతికి మార్చారు.
ఆ రెండు చేతులకే తెలుసు ఈ సంగతి.

ఐదేళ్ళుగా ఇది కౌన్సిల్ వాళ్ళ పనే అనుకున్నాను.
పన్ను కడుతున్నాం కదా, అని కూడా అనుకున్నాను.

ఆదివారం పాస్టరు గారు
పాడినవాళ్ళకీ, బిర్యానీ వండినవాళ్ళకీ
పేరుపేరునా వందనాలు చెప్పారు.
రూతమ్మ గారు చేతికర్ర టకటకలాడిస్తూ
మెట్లు దిగి వెళ్ళిపోయారు.
జారనివాళ్ళకి
తాము జారలేదని తెలియదు కదా.

చెబుదామనే దగ్గరికెళ్ళాను.
"రాత్రికి మళ్ళీ గడ్డకడుతుందటమ్మా" అన్నారు,
ఆకాశం వంక చూస్తూ.

ఇంటికొచ్చి చూస్తే
నా నల్ల బూట్ల అంచున తెల్లటి గీత.
తుడవలేదు.