బరువు మీద వినాలి

కొత్త చైను వేయించిన మూడో రోజు
బుదాదిరి దిగువ మలుపులో మొదలైంది ఆ గొణుగుడు.
వెనక కాఫీ బస్తా, బస్తాను కౌగిలించుకుని దాని యజమాని,
నా కింద ఎవరో
రాయి మీద రాయి పెట్టి నూరుతున్నట్టు.

ముందు పద్నాలుగు పళ్ళు, వెనక నలభై రెండు,
నూట పన్నెండు లింకులు. అన్నీ కొత్తవే.
ఒక వానాకాలమంతా టీ మానేసి దాచిన డబ్బు.
ఇల్లలకగానే పండగ కాదని
అలికిన చేతులకే ముందు తెలుస్తుంది.

ఎంబాలే బోడా స్టేజిలో ప్రతివాడూ వైద్యుడే.
గ్రీజు తక్కువన్నాడొకడు.
నకిలీ సరుకన్నాడు ఇంకొకడు, డబ్బా చూడకుండానే.
వామింబి అయితే బండిని కాదు, నన్ను చూసి తలాడించాడు:
గేర్‌బాక్సు పోయిందట, వచ్చిన కాడికి అమ్ముకోమన్నాడు
కొనడానికి తానొక్కడే మిగిలినట్టు.

నందుదు షెడ్డంటే సగం రేకు, సగం ఆకాశం.
నేను నోరు తెరవబోతే
నల్లటి అరచెయ్యి అడ్డం పెట్టింది.
"నీ కథ తర్వాత. ముందు దాన్ని చెప్పనీ."

సెంటర్ స్టాండు వేసి చక్రం తిప్పింది.
ఏమీ లేదు.
ఆసుపత్రి బల్ల మీద కూర్చోగానే మాయమయ్యే పంటినొప్పిలా
నంగనాచి, నోరు మూసుకుంది నా బండి.

పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను గోడకి, పిడి చెవికి.
కళ్ళు మూసుకుంది.
"వీడికి పాపం తెలీదు" అంది, వామింబి వినేటట్టు.

తర్వాత ఒక లింకుకి సుద్దబొట్టు పెట్టి
చేత్తో నెమ్మదిగా, మరీ నెమ్మదిగా తిప్పింది.
అప్పుడు దొరికింది, ఈగ వాలినంత టక్కు.
ముందు చక్రపు పళ్ళు ఎనిమిది చుట్లు తిరిగితే ఒక్కసారి.
పద్నాలుగు ఎనిమిదులు నూట పన్నెండు.
అంటే నేరం చైనుది.
ఎక్కడో ఒక లింకు బిగుసుకుపోయి
ప్రతి చుట్టూ అదే పంటి మీద అలుగుతోంది.
దాన్ని పట్టుకుని అటూ ఇటూ వంచి, నూనె చుక్క వేసి
అలక తీర్చింది.

నేను పర్సు తీశాను.
"ఉండు. ఇది టక్కు. నువ్వు చెప్పబోయింది నూరుడు కదూ?"

నేనింకా చెప్పనే లేదు.

"ఖయింజా!" అని కేకేసింది రోడ్డవతలికి.
టమాటాలమ్మే ఖయింజా వచ్చి వెనక సీటు నింపింది.
పంక్చరు కోసం కాచుకున్న లెక్కల మాస్టారు ముటెన్యో
గొడుగుతో సహా మధ్యలో ఇరుక్కున్నాడు.
ముందు నేను.
నందుదు బురదలో వెల్లకిలా పడుకుంది.

బండి కుంగింది.
ఖాళీగా ఉన్నప్పుడు వేలెడు ఊగిన చైను
ఊగడం మానేసింది.
గోటితో మీటింది.
మోగింది, తీగలా.

కింద నుంచే అడిగింది:
"బిగించినప్పుడు దీని మీద ఎవరున్నారు?"
"ఎవరూ లేరు."
"బిగించిందెవరు?"

మాస్టారి గొడుగు నా వీపులో గుచ్చుకుంటోంది.
షాపువాడు వదులుగానే పెట్టాడు.
పాత చైను వేలాడి వేలాడి నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసింది గనక
రాత్రి, టార్చి నోట కరుచుకుని,
ఇది బిర్రుగా ఉండాలని
నేనే రెండు చుట్లు ఎక్కువ తిప్పాను.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.
యాక్సిల్ నట్టు వదులు చేసి
ఇటు పావు చుట్టు, అటు పావు చుట్టు,
రెండు గీతలూ ఒకే చోట ఉన్నాయా అని
చెంప నేలకానించి చూస్తూ,
ఖయింజా "నా బేరం, నా బేరం" అని గోల పెడుతున్నా దిగనివ్వకుండా.

వనాలే కొండ కింద ఒక చుట్టు తిరిగొచ్చాను, ముగ్గురితోనే.
నూరుడు లేదు.
సన్నటి ఈల ఒకటి మిగిలింది.
"కొత్త పళ్ళు, కొత్త రోలర్లు. ఇంకా పేర్లడుగుతున్నాయి ఒకదాన్నొకటి.
అయిదొందల కిలోమీటర్లకి రా. మళ్ళీ బరువు తెచ్చుకో."

కూలి నాలుగు వేల షిల్లింగులు,
పైన రెండు కిలోల టమాటాలు, అక్కర లేకపోయినా.

ఇప్పుడు ఆ వీధిలో నేను కనబడితే చాలు
త్రాసు కింద పెట్టి
కొంగుతో చేతులు తుడుచుకుంటుంది ఖయింజా:
"కూర్చోవాలా?"