ఉల్లిపాయ కోడి

చైత్రం. ఈస్టర్ మర్నాడు.
వాల్తేరు రైల్వే క్వార్టర్స్‌లో తెల్లారకముందే
నోరీన్ ఆంటీ గిన్నెలో ఉల్లిపొట్టు ఉడుకుతోంది,
పన్నెండు గుడ్లూ ఎర్రబడేదాకా.

కిరండూల్ పాసింజర్. కిటికీ పక్క సీటు.
ఒళ్ళో గుడ్ల బుట్ట, మెళ్ళో వాళ్ళ నాన్న గార్డు ఈల.
సొరంగం వచ్చినప్పుడల్లా ఓ మాట చెబుతుంది:
ఇది డిసౌజా అంకుల్ టోపీ పోగొట్టుకున్న చీకటి,
ఇది నాన్న మొదటిసారి అబద్ధమాడిన చీకటి.
ఏం అబద్ధమో చెప్పదు.

అరకులో దిగి జీపెక్కామో లేదో
దారికడ్డంగా దూలం.
ఇటుకల పండగ. ఆడాళ్ళ రాజ్యం.
పజోరు కట్టందే చక్రం కదలదు.
చిల్లర లేదు. ఆంటీ ఓ గుడ్డు తీసిచ్చింది.
కిల్లో దొయిమతి దాన్ని ఎండకెత్తి చూసి
"ఏ కోడి పెట్టిందమ్మా, ఇంతెర్రగా?"
"ఉల్లిపాయ కోడి."
రోడ్డంతా నవ్వు.

తర్వాత థింసా.
నడుముల వెనక అల్లుకున్న చేతుల గొలుసులో
ఆంటీ పాదం మాత్రం
ఇన్‌స్టిట్యూట్ చెక్కనేల మీద నేర్చిన
మూడడుగుల లెక్కే వేస్తోంది.
వరస తూలింది. తుడుం ఆగి
ఆవిడ కాలి కోసం కాసేపు తడుముకుని
మళ్ళీ అందుకుంది.

సాయంత్రం మగాళ్ళు కొండ దిగారు, వట్టి చేతులతో.
పేడనీళ్ళు సిద్ధం.
ఆంటీ మేనల్లుడు డారిల్‌కీ తప్పలేదు:
"నువ్వేం కొట్టుకొచ్చావురా?"

తిరుగు రైల్లో, డారిల్ కంపుకి
మా చుట్టూ సీట్లన్నీ ఖాళీ.
ఆ సొరంగం రాగానే ఆంటీ ఈల నోట పెట్టుకుంది.
ఊదలేదు.
"ఆరోజు బండి లేటుకి
కొండచరియలు పడ్డాయని రాశాడు నాన్న.
గేటు దగ్గర దూలం సంగతి,
ఆ ఆట సంగతి
రాయలేదు."