ఏడో అనుబంధం

ఫిర్యాదు నూట పన్నెండు పేజీలు.
జవాబు ఒకటిన్నర, చేత్తో రాసింది.
న్యూషాతెల్‌లో మంచు పడుతోంది.
నా బల్ల మీద రెండూ పక్కపక్కన,
ఒకటి దిండంత, ఒకటి దాని గలీబంత.

ఫిర్యాదీ కోర్దెలా కుట్టు మిషన్ల కంపెనీ,
డెబ్బై దేశాల్లో పేరు నమోదు.
ప్రతివాది స్తాంకో మెజ్నార్, ప్తుయ్ పట్టణం,
ద్రావా నది ఒడ్డు. వయసు రాయలేదు,
అక్షరాల వణుకు చెప్పింది.
"అయ్యా" అని మొదలుపెట్టాడు నన్ను.
దిద్దడానికి నాకు వీల్లేదు.

తగాదా ఒక చిరునామా గురించి:
కోర్దెలా, ఒక అడ్డగీత, రిపేర్, ఒక చుక్క, కామ్.
ఏడాదికి పద్నాలుగు యూరోలు.

నేను అడగాల్సినవి మూడే ప్రశ్నలు.
పేరు పోలి ఉందా?
ఉంది. అడ్డగీత గోడ కాదు.
తోక తగిలించినంత మాత్రాన తల మారదు.

దాని మీద నీకు హక్కుందా?
ఇక్కడ కాఫీ చల్లారేదాకా ఆగాను.
బాగుచేసేవాడు తను బాగుచేసేదాని పేరు చెప్పుకోవచ్చు.
చెప్పకపోతే జనానికి ఎలా తెలుస్తుంది?
కానీ ఆ పేరు చూపి ఇంకొకరి సరుకు అమ్మకూడదు.
నేను కంపెనీ మనిషిని కాను అని
తలుపు తీయగానే కనబడేలా రాయాలి.
రాశాడు. నోటీసు అందిన నాలుగో రోజున.

అమ్మింది ఏమీ లేదు మరి.
షటిల్ ఎలా విప్పాలి, దారం ఎందుకు ముడిపడుతుంది,
పదకొండేళ్లుగా ఊరికే చెబుతున్నాడు.
మనవరాలు నేజా, ఊరికే ఎందుకు తాతా అని
ప్రకటనల కోడ్ అతికించింది.
నెలకి ముప్పై ఒక్క యూరోలు.
"కట్టెలకి" అని రాశాడు జవాబులో.
అంతే, ఆ ఒక్క మాట.

ఏ ప్రకటన పడాలో ఆయన ఎంచడు, యంత్రం ఎంచుతుంది.
కుట్టు మిషను గురించి చదివేవాడికి
కుట్టు మిషనే చూపిస్తుంది,
ఎవరు ఎక్కువిస్తే వాళ్లది.
అలా కోర్దెలా అని రాసిన గుమ్మంలో
కోర్దెలా పోటీదారు కొట్టు తెరిచాడు.
అత్త సొమ్ము అల్లుడు దానం అన్నాడు లాయరు,
ఇంకొంచెం ఖరీదైన మాటల్లో.

నేను ఎంచలేదయ్యా, అన్నాడు మెజ్నార్.
నిజమే. కిరాయి మాత్రం తీసుకున్నావు.

మూడోది, దురుద్దేశం.
ఆ మాటకి చట్టంలో ముఖం ఉండదు,
కొలత ఉంటుంది.
ఈసారి దాని కొలత ముప్పై ఒక్క యూరోలు,
పొయ్యిలో ఒక వారం.

గుమ్మం మీద తన పేరే రాసుకుని ఉంటే,
మెజ్నార్ మిషన్ల వైద్యం అనో, ఇంకేదో,
లోపల కోర్దెలా అని వందసార్లు అనుకోనిచ్చేదాన్ని.
ఈ మాట ఆయనకి ఎవరూ చెప్పలేదు.
నా తీర్పు పత్రంలో సలహాకి గడి లేదు.
బదిలీ చేయవలెను అని రాసి
ఓదిల్ ఫావ్రా, ఏకసభ్య మండలి, సంతకం పెట్టాను.

ఏప్రిల్‌లో కర్టెన్లు కుడుతుంటే
నా మిషను నోరు కరుచుకుంది.
అవును, నాదీ కోర్దెలాయే.
పక్షపాతం లేదని నింపే ఫారంలో
ఆ ప్రశ్న లేదు.

చేతివాటాన ఆ చిరునామా కొట్టాను.
తెల్లటి పేజీ, కొత్త మోడళ్లు,
పాతది ఇచ్చి కొత్తది తీసుకుంటారా అని ఒక బొత్తాం.

అటక మీంచి ఫైలు దించాను.
ఏడో అనుబంధం, కంపెనీ లాయర్లే జతచేసిన సాక్ష్యం,
ఆయన పేజీ రంగుల్లో అచ్చు.
అంచున పోటీదారు ప్రకటన,
దాని చుట్టూ పసుపు గీత.
గీతకి ఇవతల, ఎవరూ గుర్తు పెట్టని చోట,
నూనె మరకల బొటనవేలు ఫొటో, కింద రెండు వాక్యాలు:
కింది మర పావు చుట్టు ఎడమకి.
తర్వాత చెవి పెట్టి విను.

తిప్పాను. విన్నాను.
సన్నగా దగ్గి, నడిచింది.

నియమం ప్రకారం ఆ ఫైలు జూన్‌లో చించేయాలి.
నూటపదకొండు పేజీలు చించుతాను.
కర్టెన్ అంచు ఇంకా రెండు మీటర్లుంది.