తప్పొప్పులు

మూడు వందల ప్రతులు
మామిడికాయల బుట్టల కింద నలిగి
సాయంత్రం ఆర్టీసీ కార్గోలో దిగినాయి.
"ఏముంది సార్ దీంట్లో, బండలా?"
అడిగినాడు కౌంటరు పిల్లోడు.
కథలు, అన్నాను.
"ఏదైనా బరువుకే లెక్క" అని రసీదు చింపినాడు.

అనంతపురం పాతూర్లో మా మిద్దె మీది గది.
దాన్ని నేను ప్రచురణ సంస్థ అంటాను,
నాగరత్న అట్టపెట్టెల గది అంటుంది.
కరెంటు రీడింగు తీసేటాయన గోడౌను అని రాసుకున్నాడు.
అప్పట్నుంచి బిల్లు వ్యాపారం లెక్కన వస్తోంది,
వ్యాపారమే ఇంకా రాలేదు.

మొదటి ప్రతి విప్పి ముక్కుకు ఆనించుకుంటాను.
పదిహేడు పుస్తకాలైనా పోలేదు ఈ చెడలవాటు.
అయిదో పేజీ.
తెల్లకాగితం నడుమ ఒకే ఒక వరుస:
మాయమ్మ ఎలకకు.

ఎల్లక్క. ఆమె పేరు ఎల్లక్క.
ఒక ఫాంటు నుంచి ఇంకో ఫాంటుకు దాటేటప్పుడు
లావత్తొకటి, కావత్తొకటి
చిత్రావతి ఇసకలో చెప్పుల మాదిరి ఊడిపోయినాయి.
మొహిద్దీన్ సారు నాలుగుసార్లు చూసినాడు ప్రూఫులు,
శుక్లం తీయించుకున్న కంటితో,
ఒక్కో అక్షరం కింద పెన్సిలు మొన ఆనించి.
రెండొందల పేజీల్లో సున్న తప్పలేదు.
అంకితం పేజీ చివర్లో కలిపింది నేను.
నేనే.

ఆ రాత్రి మైదా ఉడికించినాను.
మేనల్లుడి ఇంకు ప్రింటర్లో తీసి
గోరంత గోరంత కత్తిరించినాను
మూడు వందల ఎల్లక్కల్ని.
ఫ్యాను వేస్తే ఎగిరిపోతారు,
వేయకుంటే మే నెల.
చెమట చుక్క పడి ఒక ఎల్లక్క అలుక్కుపోయింది.

అంటిస్తా అంటిస్తా ఉంటే నా నవల గుర్తొస్తుంది.
ఏడో అధ్యాయంలో ఒక మనిషి
గుంతకల్లు మూడో ప్లాట్‌ఫారం మీద
పదకొండేండ్లుగా టీ తాగుతున్నాడు.
వానికి ఒక రైలు రాయాల.
రాద్దామని కూర్చున్నప్పుడల్లా
ఎవరివో ప్రూఫులొస్తాయి.
వాళ్ళ మనుషులకు కామాలు తొడిగి
పెండ్లిండ్లకూ కొట్లాటలకూ పంపిస్తాను.
మావాడు ఏమీ అనడు.
గ్లాసు చల్లారిందని మాత్రం
అప్పుడప్పుడు పైకి చూస్తాడు.

తెల్లారి కుళ్ళాయప్ప వచ్చినాడు
కళ్యాణదుర్గం డ్యూటీ దిగి,
కండక్టరు సంచీ భుజానే ఉంది.
అప్పటికి నూటా నలభై అంటించి ఉన్నాను.
చెప్పేసినాను.
అంటించనిది ఒకటి తీసి
చాలాసేపు చూసినాడు.
తిడతాడనుకున్నాను. తిట్టింటే బాగుండు.

"కరువు సమత్సరం సామీ," అన్నాడు.
"పెద్దోళ్ళ చేన్లలో బుడ్డలు పెరికినాక
మాయమ్మ పార తీసుకోని పొయ్యేది.
ఎలక బొక్కలు తవ్వేది.
అవి దాసిపెట్టుకున్న కాయలు ఒళ్ళో పోసుకోని వొచ్చేది.
సగం ఆడ్నే ఇడిసిపెట్టేది,
వాటికీ పిల్లలుంటాయి గదా అని.
ఆ కాయల్తోనే నా పదో తరగతి."

మిగిలినవి అంటించాలా వద్దా?
"అంటిచ్చు సామీ. పేరు పేరే గదా.
దీనికి మాత్రం వొద్దు."
ఆ ఒక్కదాన్ని సంచీలో చిల్లర పక్కన పెట్టుకుని
పదిరూపాయల బిళ్ళలు పదిహేను లెక్కబెట్టి
నా చేతిలో పోసినాడు.
రచయిత కొనేదేందప్పా అంటే వినడే!
టిక్కెట్టు లేకుండా ఎవర్నీ ఎక్కించుకోడంట.

తర్వాత చొక్కా విప్పి చాప మీద కూర్చున్నాడు.
ఇద్దరం అంటించినాం మధ్యాన్నం దాకా.
ఆయన వేలు తడుపుకునే తీరు
రష్షు బస్సులో టిక్కెట్టు చింపేటట్టు.
నాగరత్న రెండుసార్లు మజ్జిగ తెచ్చి
మూడోసారి తనూ కూర్చుంది.

పుస్తకాలైపోయినాయి.
అలుక్కుపోయిన చీటీ మిగిలింది.
పారేయబుద్ధి కాలేదు,
దుమ్ము దులిపి నా నవల తీసి
ఏడో అధ్యాయం అంచున అంటించినాను.

రైలు రాలేదు ఇంకా.
ప్లాట్‌ఫారం బెంచీ మీద మాత్రం
మావాని పక్కన ఎవరో ఆడమనిషి,
పేరు సరిగ్గా కనపడదు,
ఒళ్ళో బుడ్డలు ఒలుచుకుంటా
ఎప్పుడొస్తాది నాయనా బండి
అని అడుగుతాంది.
వాణ్ణి కాదు,
నన్ను.